వెనక్కి దారి లేని పెట్టె

శుక్రవారం పొద్దున పదింటికి నా చేతిలో ఉన్నవి ఇంతే: చచ్చిపోయిన మనిషి పేరు, లాకప్పులో ఉన్న మనిషి పేరు, సాయంకాలం నాలుగు గంటల గడువు, ఎందుకూ పనికిరాదని నేనే బల్ల కిందికి తోసేసిన ఒక గళ్ళ కాగితం. ఆ చివరిదాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు. అంగడి పెట్టుకున్నవాడు చేయకూడని తప్పు అది. తన దగ్గర ఏ సరుకు ఉందో తనకే తెలియకపోవడం.

నాది బళేపేటలో మగ్గం సామాను వ్యాపారం. నాడెలు, అచ్చులు, జకార్డు మగ్గానికి వేసే చిల్లుల అట్టలు, చీర అంచులు గీసుకునే గళ్ళ కాగితం అమ్ముతాను. పేటలో ఏదైనా మాయమైతే పోలీసు స్టేషన్‌కంటే ముందు నా అంగడి మెట్టెక్కడం ఇక్కడివాళ్ళకు అలవాటు. ఆ పొద్దు మెట్టెక్కింది కదిరమ్మ.

"నా కొడుకు చేసుండడప్పా," అంది, కూర్చోకుండానే. "నాలుగు గంటలకు మేజిస్ట్రేటు ముందర నిలబెడతారంట. ఒకసారి ఆడికి పోతే ఇంక ఉరే అని పోలీసాయన నవ్వుతా చెప్పినాడు."

ఆమె కొడుకు పాపయ్య. గీసిన నమూనా చూసి అట్టలకు చిల్లులు కొట్టే పని. చచ్చిపోయింది అశ్వత్థప్ప మేష్టరు, కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరై, మా వీధి చివర మేడగదిలో ఉండేవాడు. బుధవారం నాలుగింటికి తల పగిలి ఆ గదిలో పడి ఉన్నాడు. గురువారం పొద్దున గదిలోనే ఒక నేలరాయి కింద పాపయ్య సుత్తి దొరికింది, రక్తంతో సహా.

"నువ్వు ఈ వేళప్పుడు పనిలో ఉండాలి కదమ్మా?"

"షెడ్డుకు ఈ పొద్దు సెలవు ఇచ్చినారు. పని అయిపోయిందంట." ఆమె తన వేళ్ళకేసి చూసుకుంది. చూపుడు వేళ్ళు రెండూ వాచి ఉన్నాయి. యుద్ధం వచ్చినప్పటి నుంచి ఊరి బయట ఒక కాంట్రాక్టరు షెడ్డులో ఆమె పారాచూట్లు కుడుతోంది. "పట్టుముక్కలు ఒకదానికొకటి అందవు. లాగి లాగి కుట్టాల. ఆ మాట మేష్టరుతో అంటే రెండు ముక్కలు తెచ్చి చూపించమన్నాడు. చూపించినా. పాపం, ఆయనకు మేమంటే అభిమానం."

ఆ మాట నా చెవిన పడింది కానీ లోపలికి దిగలేదు. నా ధ్యాస సుత్తి మీద ఉంది.

పదకొండింటికి లాకప్పులో పాపయ్యను చూశాను. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, ఒక్క రాత్రికే యాభై ఏళ్ళవాడిలా అయిపోయాడు.

"బుధవారం ఎన్నింటికి పోయినావు?"

"రెండుంబావుకు. మేష్టరు బల్ల కాడ రాసుకుంటా ఉండాడు. రెండున్నరకు దిగొచ్చినా."

"మేష్టరు ఏమన్నాడు?"

"పొద్దున మీకిమ్మన్న కాగితం భద్రంగా చేరిందా అని అడిగినాడు. చేరిందన్నా. అంతే."

ఆ కాగితం బుధవారం పొద్దున నాకు తెచ్చి ఇచ్చింది వాడే. వంకర గోపురం అంచు. అమ్ముడుపోదని నేను బల్ల కింద పడేసింది.

"నీ సుత్తి సంగతి చెప్పు."

"మంగళవారమే పోయిందన్నా! అమ్మకు బువ్వ ఇచ్చేదానికి షెడ్డుకు పోయినా. గేటు కాడ సంచి పెట్టించుకున్నారు. తిరిగి తీసుకుంటే సుత్తి లేదు. అడిగితే నవ్వినారు."

"గేటు కాపలా ఎవరిది?"

"వెంకటేశప్పది."

ఈ వెంకటేశప్ప ఒకప్పుడు సబ్ ఇన్‌స్పెక్టరు. ఉద్యోగం ఎందుకు పోయిందో ఎవరూ గట్టిగా చెప్పరు. ఇప్పుడు బోర్డు పెట్టుకుని ప్రైవేటు డిటెక్టివ్ పని చేస్తున్నాడు. షెడ్డులో పట్టు దొంగతనం జరగకుండా చూసే కాంట్రాక్టు అతనిదే. మేష్టరు రాసిపోయాడంటూ ఒక కాగితం పట్టుకుని, గురువారం పొద్దున పోలీసులకు నేలరాయి చూపించిందీ అతనే.

సుత్తి మాట నిజమైనా సాక్ష్యం కాదు. కొడుకు చెప్పాడు, తల్లి ఒప్పుకుంటుంది. మేజిస్ట్రేటు దాన్ని తూకంలో పెట్టడు. నాకు బరువున్నది కావాలి.

పదకొండూ ముప్పావుకు మేష్టరు ఇంటికి పోయాను. కింద మూడు మగ్గాలు ఆడుతున్నాయి. మెట్ల పక్కన ఇంటి యజమాని అక్కయమ్మ పట్టు చుడుతోంది. చూపు తగ్గింది, చెవులు మాత్రం పదును.

"బుధవారం పాపయ్య దిగిపోయినాక ఇంకెవరైనా ఎక్కినారా?"

"మగ్గాలాడుతుంటే ఎవరెక్కేదీ తెలీదప్పా. మూడు గంటలకు కాఫీకి మగ్గాలు ఆపుతారు. అప్పుడు వినిపించింది. పైన రాయి గీరుకున్న సద్దు. పలుగుతో తవ్వినట్ల. ఇంత పొద్దు ఏం చేస్తా ఉండాడీయన అనుకున్నా."

"తర్వాత?"

"మగ్గాలు మళ్ళా ఆడేలోపల ఎవరో దిగిపోయినారు. బూట్లు."

"పాపయ్య బూట్లేస్తాడా?"

"వాడికి చెప్పులే లేవు. పోలీసాయనకు ఇదే చెప్పినా. ముసలిదానివి, కలగన్నావు అన్నాడు. నేను కలలు గూడా పడుకునే కంటానప్పా, పట్టు చుడతా కనను."

పై గదికి కానిస్టేబుల్ తాళం తీశాడు. నేల అంతా చదరపు రాళ్ళు, అడ్డం ఎనిమిది, పొడుగు ఆరు. గుమ్మం ఎడమ మూల నుంచి గోడల వెంబడి సుద్దతో అంకెలు వేసి ఉన్నాయి. అడ్డం అంకెలను మేష్టరు పడుగు అనేవాడు, పొడుగు అంకెలను పేక అనేవాడు. మా నేతగాళ్ళకు అర్థం కావాలని. గళ్ళ కాగితం మీద ఏ చుక్కకైనా రెండు అంకెలు: ముందు పడుగు, తర్వాత పేక. పాపయ్యకూ నాకూ ఈ నేల మీద నిలబెట్టే నేర్పాడు.

ఆయన విద్య అంతా ఒక పెట్టెలో ఉండేది. నాలుగు అంకెల పెట్టె, పైన రెండు, కింద రెండు. కాలేజీలో దాన్ని మాట్రిక్స్ అంటారట. ఏ చుక్కనైనా తీసుకో. పై వరుసలోని మొదటి అంకెతో పడుగును, రెండో అంకెతో పేకను గుణించి కలిపితే కొత్త చుక్క పడుగు వస్తుంది. కింది వరుసతో అదే పని చేస్తే కొత్త పేక వస్తుంది. అంచులో ఉన్న చుక్కలన్నిటినీ అలా మారిస్తే మామిడిపింద పక్కకు వాలుతుంది, అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది, రెట్టింపు అవుతుంది. ఒక్క నమూనా నుంచి పది నమూనాలు. వాటిలో ఆరు నేనే అమ్మాను.

రాయి లేపిన చోటు పడుగు నాలుగు, పేక రెండు. మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. గుంత పక్కలు పచ్చిగా ఉన్నాయి. పలుగు గాట్ల మీద దుమ్ము లేదు. ఏళ్ళ తరబడి దాపరికం ఉన్న చోటైతే లోపల గట్టిపడి నున్నగా ఉండాలి. ఇది బుధవారం తవ్విన గుంత. మిగతా నలభై ఏడు రాళ్ళూ కదల్లేదు. సందుల్లో సున్నం చెక్కు చెదరలేదు.

అల్మారాలో మేష్టరు నోటుపుస్తకం ఉంది. కాగితానికి ఒకవైపే రాసి, ప్రతి పేజీకి నంబరు వేసే మనిషి. నలభై పక్కన నలభై రెండు ఉంది. మధ్య పేజీ చింపేశారు. నలభై రెండో పేజీ మొదటి వాక్యం చదివాను. మళ్ళీ చదివాను. పుస్తకం చంకలో పెట్టుకున్నాను.

మెట్ల మీద బూట్ల చప్పుడు.

ముందు ఇన్‌స్పెక్టర్ మునినారాయణప్ప వచ్చాడు. కోపిష్టి, కానీ ఎదుటివాడు లెక్క సరిగ్గా చూపిస్తే ఒప్పుకునే మనిషి. వెనకాల వెంకటేశప్ప, బూట్లు మెరిసేలా తుడుచుకుని.

"ఏమప్పా గురప్పా! నాడెలు ఈ గదిలో అమ్ముతావుండావా?" అన్నాడు వెంకటేశప్ప.

"కొనేవాళ్ళుంటే అమ్ముతానప్పా. నువ్వు కొత్తగా లెక్కల మేష్టరువైనావంట? పేటంతా చెప్పుకుంటా ఉండారు."

"నీ అసూయ నాకు తెలుసు లే."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూశాడు. "పన్నెండుంబావు. రెండు గంటలకల్లా కాగితాలు పంపాలి. చెప్పేదుంటే తొందరగా చెప్పు గురప్పా."

"స్వామీ, ఒక్కసారి ఆ కాగితం చూపించండి. సుత్తి జాడ చెప్పిన కాగితం."

ఇన్‌స్పెక్టర్ ఫైల్లోంచి తీశాడు. నోటుపుస్తకం పేజీయే. పైన మేష్టరు చేత్తో పెట్టె: పై వరుస రెండు, నాలుగు. కింది వరుస ఒకటి, రెండు. దాని కింద విడిగా రెండు అంకెలు: పదహారు, ఎనిమిది.

"ఇది ఎక్కడ దొరికింది?"

"సిరాబుడ్డి కింద," అన్నాడు వెంకటేశప్ప. "ఎవరికీ కనిపించలేదు. నాకు కనిపించింది. దెబ్బ తిన్న మేష్టరుకు ఇంకా ప్రాణం ఉంది. పాపయ్య సుత్తి పాతిపెట్టడం చూసినాడు. నేరుగా రాస్తే వాడు చింపేస్తాడని తన పెట్టె భాషలో రాసి పోయినాడు. పదహారు, ఎనిమిది అనేది చేరిన చోటు. బయల్దేరిన చోటే సుత్తి ఉండే చోటు. పంచనామాలో అంతా రాసినారు. చదువుకో."

"స్టేషన్లో చదివినా. ఇంట్లో కూర్చుని లెక్క వేసి, గురువారం పది గంటలకు వచ్చి నేరుగా ఆ రాయి మీద కాలు పెట్టినావని ఉండాది. రాళ్ళు తట్టి చూడలేదా?"

"తట్టేదానికి నేను రాళ్ళు కొట్టేవాడినా? పెట్టె లోంచి వెనక్కి వచ్చినా. నాలుగు, రెండు. అంతే."

"ఎట్ల వచ్చినావో స్వామికి చూపించు. సుద్ద ఇదో."

వెంకటేశప్ప నవ్వుతూ గోడ మీద రాశాడు. "రెండు నాళ్ళు ఎనిమిది, నాలుగు రెళ్ళు ఎనిమిది, మొత్తం పదహారు. ఒకటి నాళ్ళు నాలుగు, రెండు రెళ్ళు నాలుగు, మొత్తం ఎనిమిది. సరిపోయిందా లేదా?"

"సరిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"సరిపోయింది స్వామీ. కానీ ఇది ముందుకు పోవడం. నాలుగు, రెండు ముందే తెలిసినవాడు పదహారు, ఎనిమిదికి పోయినాడు. నేనడిగింది వెనక్కి రమ్మని."

"రెండూ ఒకటే కదా!" అన్నాడు వెంకటేశప్ప.

"ఒకటేనా?" నేను లేచి, గుంత దాటి, పడుగు రెండు, పేక మూడు దగ్గర ఉన్న రాయి మీద నిలబడ్డాను. "స్వామీ, మీరే వేయండి. రెండు, మూడు."

ఇన్‌స్పెక్టర్ పెదవులు కదిలాయి. "రెండు రెళ్ళు నాలుగు, నాలుగు మూళ్ళు పన్నెండు... పదహారు. ఒకటి రెళ్ళు రెండు, రెండు మూళ్ళు ఆరు. ఎనిమిది." ఆయన నా వైపు చూశాడు.

నేను ఇంకో చోటికి నడిచాను. పడుగు ఆరు, పేక ఒకటి. "ఇప్పుడు?"

"ఆరు రెళ్ళు పన్నెండు, నాలుగు. పదహారు. ఆరూ రెండూ ఎనిమిది." ఆయన లెక్క ఆపేశాడు. "మూడు రాళ్ళకూ ఒకే జవాబు వస్తోంది!"

"వస్తుంది స్వామీ. పెట్టెను ఐమూలగా గుణించి, ఒకదాన్నుంచి ఇంకొకటి తీసేయాలి. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు ఒకట్లు నాలుగు. పోతే సున్నా. సున్నా వచ్చిన పెట్టెలో వెడల్పున్నదంతా నలిగి ఒకే గీత అయిపోతుంది. చీర మొత్తం ఒక్క పోగుగా మడిచేసినట్టు. ఏ చుక్క ఎక్కడి నుంచి వచ్చిందో దేవుడైనా చెప్పలేడు. చింపేసిన పేజీ తర్వాతి పేజీ ఇది. మేష్టరు చేతిరాత. చదవండి."

ఇన్‌స్పెక్టర్ పైకే చదివాడు. "'కాబట్టి పై పెట్టెకు వెనక్కి దారి లేదు. పాపయ్యకు ఇది గట్టిగా చెప్పాలి.'"

ఆయన ఫైల్లోని కాగితం అంచును పుస్తకంలో చింపిన చోట ఆనించి చూశాడు. కింద మగ్గాలు ఆడుతున్నాయి.

"వెనక్కి దారి లేదని పాఠం చెప్పడానికి వేసుకున్న పెట్టెతో, చచ్చిపోతున్న మనిషి దారి చెప్తాడా స్వామీ? ఎవరో ఈ గుంత తవ్వి, సుత్తి పెట్టి, పుస్తకంలో కనిపించిన పేజీ చింపి, నాలుగునూ రెండునూ అందులో వేసి, వచ్చిన జవాబు కింద రాసినారు. గుణకారం వచ్చిన మనిషే. దారి మూసుకుపోయిందని మాత్రం తెలియలేదు."

వెంకటేశప్ప ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది, కానీ కళ్ళు గుమ్మం మీద ఉన్నాయి. "మూడు రాళ్ళని నాకూ తెలుసు. మూడింటిలో ఒకటి ఎంచుకున్నా. అదృష్టం."

"ఇప్పుడే కదా నాలుగు, రెండు, అంతే అన్నావు? పంచనామాలోనూ అదే. మూడు ఉన్నాయని నీకు తెలిసుంటే మిగతా రెండింటి మీద కనీసం పలుగు ఆనించి చూసేవాడివి. సున్నం చూడండి స్వామీ. ఆ గుంత చూడండి, పచ్చి గాట్లు. బుధవారం మూడు గంటలకు తవ్విన సద్దు అక్కయమ్మ విన్నది. దిగిపోయింది బూట్లు. సుత్తి పోయింది మంగళవారం, ఈయన కాపలా ఉండే గేటు దగ్గర."

ఇన్‌స్పెక్టర్ వెంకటేశప్ప బూట్ల కేసి ఒకసారి చూశాడు. వెంకటేశప్ప ఒక్క అడుగు వెనక్కి వేశాడు. గుమ్మంలో కానిస్టేబుల్ అడ్డం నిలబడ్డాడు.

"బుధవారం మూడు గంటలకు మీరు ఎక్కడున్నారు?" ఇన్‌స్పెక్టర్ గొంతు మారిపోయింది.

వెంకటేశప్ప జవాబు ఆయనకు చెప్పలేదు. నాకు చెప్పాడు, మెల్లగా, స్నేహితుడితో మాట్లాడినట్టు.

"బాగా చేసినావు గురప్పా. నిన్నంతా మీరు ఈ రాయి చుట్టూ తిరుగుతా ఉండారు. నాకు కావలసింది ఆ ఒక్క దినమే. దొరికింది."

సంకెళ్ళు వేస్తుంటే చేతులు తనే చాపాడు. గెలిచిన గదిలోంచి బయటికి వచ్చినట్టు లేదు నాకు. బేరమాడకుండానే కొనేవాడు ధర ఒప్పుకుంటే అమ్మినవాడికి అనుమానం పట్టుకుంటుంది. అలా ఉంది.

మూడున్నరకు పాపయ్యను వదిలారు. తల్లీకొడుకులిద్దరూ నేరుగా నా అంగడికి వచ్చారు. కదిరమ్మ నా చేతులు పట్టుకుంది. ఆ వాచిన వేళ్ళు మళ్ళీ నా కంటపడ్డాయి. ఈసారి ఆమె పొద్దున అన్న మాట లోపలికి దిగింది.

"మేష్టరుకు పట్టుముక్కలు ఎప్పుడు చూపించినావమ్మా?"

"పోయిన ఆదివారం. ఒకటి మొదట్లో మిలిటరీవాళ్ళు పంపిన నమూనా ముక్క, ఇంకోటి మాకిప్పుడు కత్తిరించి ఇస్తా ఉండేది. ఆయన గళ్ళ కాగితం మీద రెండూ పరిచి మూలలకు చుక్కలు పెట్టుకున్నాడు. కాంట్రాక్టరుతో మాట్లాడతానన్నాడు."

"మాట్లాడినాడా?"

"మంగళవారం షెడ్డుకు వచ్చినాడు. అరుపులు వినపడినాయి."

నేను బల్ల కిందికి వంగాను. కాగితం చెప్పుల దుమ్ములో ఉంది. తుడిచి బల్ల మీద పరిచాను. ఒక గోపురం. దాని మీదే ఇంకో గోపురం, ఒక పిసరు సన్నగా. నేను వంకర అంచు అనుకున్నది. ఇప్పుడు చూస్తే పారాచూట్ ముక్క అచ్చం గోపురంలాగే ఉంటుంది, కింద వెడల్పు, పైన మొన.

మొదటి గోపురం మూలలు: సున్నా సున్నా, ముప్పైరెండు సున్నా, పదహారు నలభై ఎనిమిది. రెండోదాని మూలలు: సున్నా సున్నా, ముప్పై సున్నా, పదిహేను నలభై ఎనిమిది. కింద మేష్టరు పెట్టె. పై వరుసలో పదహారింట పదిహేను, సున్నా. కింది వరుసలో సున్నా, ఒకటి. దాని పక్కన నేను చదవకుండా వదిలేసిన చిన్న అక్షరాలు: గురప్పా, ఇది నేయించొద్దు.

ఐమూలగా గుణించి తీసేశాను. పదహారింట పదిహేను. ప్రతి ముక్కలో పదహారింట ఒక వంతు పట్టు లేదు. పొడుగు సరిగ్గా ఉంచారు, కొలిచేవాళ్ళు పొడుగే కొలుస్తారు కాబట్టి. వెడల్పు కోశారు. కుట్టుకు మిగలాల్సిన అంచు అది. లాగి లాగి కుట్టిన కుట్టు బల్ల మీద నిలుస్తుంది. ఆకాశంలో ఒక మనిషి బరువు దాని మీద పడినప్పుడు నిలవదు.

"కదిరమ్మా, షెడ్డులో పని అయిపోయిందన్నావు. కుట్టినవన్నీ ఎక్కడ ఉండాయి?"

"ఇంకెక్కడప్పా? నిన్న పదింటికి లారీలకు ఎక్కించినారు. పదకొండు రైలుకు పోయినాయి. నాలుగు వందలు."

నిన్న పదింటికి. మేడగదిలో పోలీసులంతా నిలబడి వెంకటేశప్ప రాయి లేపడం చూస్తున్న గంట.

నేను గోడ గడియారం చూశాను. నాలుగైంది. కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకుని, పాపయ్యకు గొళ్ళెం చూపించి, అంగడి తలుపు మూయమన్నాను. మూసేముందు వాడు వీధిలోకి చూసి ఆగిపోయాడు. ఎదురు కట్ట మీద ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు. షెడ్డు గేటు కాపలావాళ్ళు. సంచి పెట్టించుకున్నవాళ్ళు.

పొద్దున చేతిలో ఉన్నవాటికి సాయంకాలానికి నేను తేల్చిన లెక్క ఇది. ఉరి తప్పి ఒక ప్రాణం ఇంటికి వచ్చింది. పనికిరాదన్న కాగితం ఒక్కటే అసలు సరుకని తేలింది. బల్ల మీద పరిచినప్పుడు చూశారు కాబట్టి, అది నా దగ్గర ఉందని ఎదురు కట్ట మీదవాళ్ళకూ తెలుసు. ఆ పక్కన నాలుగు వందల ప్రాణాలు రైలెక్కి పోతున్నాయి, వెనక్కి దారి ఉందో లేదో తెలియకుండా.